ఆ నల్లరంగు చోడిది కాదు

మా మావయ్య రోజూ పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి అంబలి, తాగుతాడు. సోంపేట వైపు కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన మనిషి. అంబలిలోకి ఒక ఉల్లిపాయ ఉంటే చాలు, మధ్యాహ్నం దాకా ఇంకేమీ అడగడు. మూడేళ్ల కిందట ఒకరోజు విరేచనం నల్లగా అవుతోందని తనే అత్తయ్యతో అన్నాడట. కారణం కూడా తనే చెప్పేశాడు: "చోడి తాగితే నల్లగా కాక మరేటవుతాదే." నాలుగో రోజున నూతి దగ్గర నీళ్లు తోడుతూ కళ్లు తిరిగి కూలబడిపోయాడు. ఆ ఊరికి శ్రీకాకుళం కన్నా బరంపురమే దగ్గర కాబట్టి అక్కడికే తీసుకెళ్లాం. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 6.2 ఉంది. ఉండవలసినదానిలో సగం కూడా లేదు.

ఏమేం మందులు వేసుకుంటున్నాడో చెప్పమని డాక్టరు అడిగారు. అత్తయ్య గుడ్డసంచీ తెచ్చి మంచం మీద బోర్లించింది. గుండెపోటు వచ్చి స్టెంట్ వేసినప్పటి నుంచి వాడుతున్న ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాముల పట్టీ ఉంది, 14 మాత్రలది. బి.పి. మాత్ర, కొలెస్టరాల్ మాత్ర ఉన్నాయి. వాటి అడుగున కత్తెరతో మూడేసి, నాలుగేసి మాత్రలుగా కత్తిరించిన రేకు ముక్కలు అయిదారు. పేరున్న భాగం కత్తిరింపులో పోయింది. ఒక్క ముక్క మీద మాత్రం సగం అక్షరాలు మిగిలాయి, వాటిని బట్టే అది డైక్లోఫెనాక్ అని తెలిసింది. కొబ్బరిచెట్లు ఎక్కిన మోకాళ్లకు అదీ, అప్పుడప్పుడు నడుముకు ఒక సూదీ. ఇదంతా ఏడాదిగా సాగుతోంది, మాకెవరికీ తెలియదు.

మా బావ రిపోర్టు చేతిలో పట్టుకుని, "ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నాయి కదండీ, రెండు లక్షల నలభై వేలు" అన్నాడు. వానాకాలం వస్తే డెంగీ భయంతో బతికే జిల్లాలు మావి, ప్లేట్‌లెట్ల లెక్క చదవడం ఇంటింటికీ వచ్చు. డాక్టరు అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: "ఉన్నాయి. పని చెయ్యట్లేదు."

ఆస్పిరిన్ గురించి తెలుసుకోవలసినదంతా ఆ మాటలోనే ఉంది. దీన్ని మనం "రక్తం పల్చబడే మాత్ర" అంటాం. నిజానికి ఇది రక్తాన్ని పల్చన చెయ్యదు, ప్లేట్‌లెట్ల సంఖ్యనూ తగ్గించదు. చెరువుగట్టుకు గండి పడితే మొదట చూసినవాడు అక్కడికి పరుగెత్తి, గండికి అడ్డం నిలబడి, ఊరంతా వినపడేలా కేక వేస్తాడు. ఆ కేక విని మిగతావాళ్లు మట్టీ రాళ్లూ పట్టుకుని వస్తారు. రక్తనాళం తెగితే ప్లేట్‌లెట్ చేసేదీ ఇదే. గాయానికి అంటుకుని థ్రాంబాక్సేన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. అదే దాని కేక. కాక్స్-1 అనే ఎంజైమ్ ఆ రసాయనాన్ని తయారుచేస్తుంది. ఆస్పిరిన్ వెళ్లి ఆ ఎంజైమ్‌కు అతుక్కుపోతుంది, మళ్లీ ఊడిరాదు. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కొత్త ఎంజైమ్‌ను తయారుచేసుకోలేదు. అందుకే ఒకసారి నోరు మూతపడితే అది బతికినన్నాళ్లూ, అంటే వారం పది రోజులూ, మూగగానే ఉంటుంది.

గుండెకు రక్తం తీసుకెళ్లే ధమనిలో కొవ్వు పేరుకున్న చోట పగులు వచ్చినప్పుడు ప్లేట్‌లెట్లు దాన్నీ గాయమనే అనుకుంటాయి. కేకలు వేసి, గుంపు కట్టి, దారి మూసేస్తాయి. గుండెపోటు అంటే అదే. అక్కడ ఆ కేక వినపడకపోవడమే మనకు కావాలి. కడుపులో పుండు పగిలినప్పుడు మాత్రం ఆ కేక వినపడి తీరాలి. రెండు చోట్లా ఉన్నవి ఒకే ప్లేట్‌లెట్లు. మేలు చేసే చర్యా, రక్తం కారనిచ్చే చర్యా ఒకటే. ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని తీసెయ్యడం కుదరదు.

గుండెకు ఆస్పిరిన్ పనికొస్తుందన్న ఊహ కూడా రక్తస్రావం నుంచే పుట్టింది. ఈ మందును 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ తయారుచేశాడు. తర్వాత అర్ధ శతాబ్దం పాటు లోకానికి అది తలనొప్పి మందే, జ్వరం మందే. 1940లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో లారెన్స్ క్రేవెన్ అనే మామూలు డాక్టరు టాన్సిల్స్ తీసేవాడు. ఆపరేషన్ తర్వాత నొప్పికి ఆస్పిరిన్ కలిపిన చూయింగ్ గమ్ ఇచ్చేవాళ్లు. దాన్ని ఎక్కువగా నమిలినవాళ్లకు గొంతులో రక్తం ఆగడం లేదని అతను గమనించాడు. తన మీదే ప్రయోగం చేసుకుని రోజుకు 12 మాత్రలు మింగితే అయిదు రోజుల్లో ముక్కు నుంచి రక్తం కారింది. రక్తం గడ్డకట్టకుండా ఆపుతున్న మందు గుండె ధమనిలో గడ్డనూ ఆపుతుంది కదా అన్నది అతని ఆలోచన. తన దగ్గరికి వచ్చిన వేలమంది మగవాళ్లకు రోజూ ఆస్పిరిన్ ఇచ్చి, 1950ల్లో చిన్న పత్రికల్లో రాశాడు. పెద్దలెవరూ పట్టించుకోలేదు. 1957లో క్రేవెన్ గుండెపోటుతోనే చనిపోయాడు. ఆస్పిరిన్ అసలు ఎలా పనిచేస్తుందో ఇంగ్లండులో జాన్ వేన్ 1971లో తేల్చాడు. ఆ పనికి 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గాని క్రేవెన్ మాటకు విలువ రాలేదు.

ఇక మోతాదు సంగతి. క్రేవెన్ మింగిన 12 మాత్రలకూ, మా మావయ్య వేసుకున్న ఆవగింజంత మాత్రకూ మధ్య ఎంత తేడా ఉంది! 75 మిల్లీగ్రాములు ఎలా సరిపోతుంది అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆస్పిరిన్ రక్తంలో ఎక్కువసేపు ఉండదు, ఇరవై నిమిషాల్లోపే సగం అయిపోతుంది. కానీ పేగుల నుంచి కాలేయానికి వెళ్లే రక్తంలోనే, ఆ దారిలో ఎదురైన ప్లేట్‌లెట్ల నోళ్లన్నీ మూసేస్తుంది. మందు పోయినా మూత పోదు. రోజుకు పదో వంతు ప్లేట్‌లెట్లే కొత్తవి పుడతాయి, మర్నాటి మాత్ర వాటి సంగతి చూసుకుంటుంది. రోజూ 30 మిల్లీగ్రాములు ఇచ్చినా కొన్నాళ్లకు థ్రాంబాక్సేన్ తయారీ దాదాపు పూర్తిగా ఆగిపోతుందని 1980లలోనే కొలిచి చూశారు. అన్ని నోళ్లూ మూసేశాక ఇంకా మూయడానికి ఏముంటుంది? మోతాదు నాలుగింతలు చేసినా గుండెకు అదనంగా దక్కేది దాదాపు ఏమీ లేదు.

కడుపు లెక్క వేరు. జీర్ణాశయం గోడను దాని ఆమ్లం నుంచే కాపాడే జిగురు పొర ఒకటుంది. ఆ పొరనూ, దానికి కావలసిన రక్తప్రసారాన్నీ నిలబెట్టేవి ప్రోస్టాగ్లాండిన్లు. వాటినీ కాక్స్-1 ఎంజైమే తయారుచేస్తుంది. కడుపు కణాలకు కేంద్రకం ఉంది కాబట్టి మూతపడిన ఎంజైమ్ స్థానంలో కొత్తది పుట్టించుకుంటాయి. అందుకని అక్కడ మందు ఎంత వస్తే అంత దెబ్బ. ప్లేట్‌లెట్ల పని 75 దగ్గరే పూర్తవుతుంది, కడుపు బాధ మాత్రం 75 దాటాక కూడా పెరుగుతూ పోతుంది. పెద్ద మోతాదు వద్దనడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు కనపడదు.

అంకెలు చూద్దాం. 1995లో బ్రిటన్‌లో అయిదు ఆస్పత్రుల్లో, కడుపు పుండు నుంచి రక్తం పోయి చేరినవాళ్లను తీసుకుని ఎవరెవరు ఎంత ఆస్పిరిన్ వాడుతున్నారో లెక్కగట్టారు. అసలు వాడనివాళ్లతో పోలిస్తే ఆ ప్రమాదం 75 మిల్లీగ్రాములు వాడేవాళ్లలో 2.3 రెట్లు, 150 వాడేవాళ్లలో 3.2 రెట్లు, 300 వాడేవాళ్లలో 3.9 రెట్లు ఉంది. ఈ వరసలో జనం చూసేది చివరి అంకె. నేను మాత్రం మొదటి అంకె చూడమంటాను. అతి చిన్న మాత్రతోనే ప్రమాదం రెట్టింపు దాటింది. "సిన్న బిళ్లరా బావూ, అదేటి సేస్తాది" అని మావయ్య అన్నప్పుడు నా దగ్గర ఈ అంకె లేదు.

రెట్లు అన్న మాట భయపెడుతుంది కాబట్టి మనుషుల లెక్కలో కూడా చెప్పాలి. 24 పరిశోధనలనూ, దాదాపు 66 వేల మందినీ కలిపి 2000లో వేసిన లెక్క ఉంది. ఆస్పిరిన్ వాడినవాళ్లలో 2.47 శాతం మందికి జీర్ణకోశంలో రక్తస్రావమైంది, వాడనివాళ్లలో 1.42 శాతం మందికి. సగటున 28 నెలలు వాడితే నూటికి ఒకరికి అదనంగా రక్తం పోతుందన్నమాట. మిగతా తొంభై తొమ్మిది మందికి ఆస్పిరిన్ వల్ల అదనంగా ఏమీ కాదు. ఆ ఒక్కరూ మన ఇంట్లో మనిషి కావచ్చు.

పెద్ద మోతాదు వల్ల రక్తం ఎక్కువ పోతుందన్నది ప్రతి పరిశోధనలోనూ ఒకేలా కనపడలేదు. 2010లో 25 వేల మంది గుండెజబ్బువాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 75 నుంచి 100, రెండో జట్టుకు 300 నుంచి 325 మిల్లీగ్రాములు నెల రోజులు ఇచ్చారు. గుండెపోట్లలో తేడా లేదు. మొత్తం తీవ్ర రక్తస్రావాల్లోనూ లేదు. కానీ కడుపులో పెద్ద రక్తస్రావం చిన్న మోతాదు జట్టులో 0.2 శాతం అయితే పెద్ద మోతాదు జట్టులో 0.4. అమెరికాలో 15,076 మందిపై జరిగి 2021లో ఫలితాలు వచ్చిన అడాప్టబుల్ పరిశోధనలో 81, 325 మిల్లీగ్రాములు రెండూ గుండెకు సమానంగానే పనిచేశాయి, తీవ్ర రక్తస్రావాలూ సమానమే. అయితే 325 వేసుకోవలసినవాళ్లలో నూటికి 41 మందికి పైగా మధ్యలోనే 81కి దిగిపోయారు. ఇంతమంది దిగిపోయాక, పెద్ద మాత్ర ప్రమాదం లేనిదని ఆ పరిశోధన నుంచి తేల్చడం సరికాదని నా అభిప్రాయం.

పూత వేసిన మాత్ర సంగతి కూడా చెప్పాలి. మన మందుల షాపుల్లో గుండెకిచ్చే ఆస్పిరిన్ చాలావరకు పైపూతతోనే వస్తుంది. ఆ పూత కడుపులో కరగదు, పేగుల్లోకి వెళ్లాక కరుగుతుంది. అందువల్ల కడుపుకు ఏమీ కాదని చాలామంది నమ్మకం. 1996లో అమెరికాలో రోజుకు 325 మిల్లీగ్రాములు, అంతకు లోపు వాడేవాళ్లలో దీన్ని పరీక్షించారు. కడుపు రక్తస్రావం ప్రమాదం మామూలు మాత్రతో 2.6 రెట్లు, పూత మాత్రతో 2.7 రెట్లు. పూత వల్ల మంట తగ్గవచ్చు. కానీ ఆస్పిరిన్ దెబ్బ తీసేది మాత్ర తగిలిన చోట మాత్రమే కాదు, రక్తంలో కలిశాక తిరిగి వచ్చి కడుపు గోడనూ, ప్లేట్‌లెట్లనూ లోపలి నుంచి తాకుతుంది. ఆ దారికి పూత అడ్డం కాదు.

ఈ అంకెలన్నీ ఒక్క ఆస్పిరిన్‌వి. మన జిల్లాల్లో మనిషి ఒక్క ఆస్పిరిన్‌తో ఎక్కడ ఆగుతున్నాడు? పలాస జీడిపప్పు బట్టీల దగ్గర రోజంతా గొంతుకూర్చుని చేసే పని, నెల్లిమర్ల జూట్ మిల్లు పని, వల లాగే పని, ఇటుకబట్టీ పని, ఇవన్నీ సాయంత్రానికి ఒళ్లు సలుపుగా మారేవే. ఆ సలుపుకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి రెండేసి మాత్రలుగా, చీటీ లేకుండా దొరుకుతాయి. అవి మూసేదీ కాక్స్ ఎంజైమ్‌లనే. ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపు పుండు ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఐబుప్రొఫెన్‌తో ఇంకో చిక్కు ఉంది: ఆస్పిరిన్ కూర్చోవలసిన చోట అది ముందే వెళ్లి కూర్చుంటుంది. ఆస్పిరిన్ వచ్చి చోటు లేక వెనక్కి పోతుంది, ఇరవై నిమిషాల్లో దాని బలం అయిపోతుంది. తర్వాత ఐబుప్రొఫెన్ కూడా లేచిపోతుంది. గుండెకు రక్షణ పోయింది, కడుపుకు దెబ్బ మిగిలింది.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, అంటే ఉద్దానంలో, ఈ లెక్క ఇంకా బరువెక్కుతుంది. అక్కడి కిడ్నీ జబ్బుకు మూలం ఏమిటన్నది శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతుకుతున్న ప్రశ్న. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ఆ బాధలోంచి వచ్చినవే. మూలం ఏదైనా, రెండు విషయాల్లో అనుమానం లేదు. కిడ్నీకి రక్తం వెళ్లే సన్నని నాళాన్ని తెరిచి ఉంచేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే. నొప్పి మాత్రలు వాటిని ఆపితే, ఎండలో చెమటోడ్చి నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీకి రక్తం ఇంకా తగ్గుతుంది. కిడ్నీ పాడైతే రక్తంలో పేరుకునే వ్యర్థాల వల్ల ప్లేట్‌లెట్లు వాటంతట అవే మందగిస్తాయి. రక్తంలో క్రియాటినిన్ పెరిగిన, అంటే కిడ్నీ దెబ్బతిన్న, మనిషికి ఆస్పిరిన్ ఇస్తే, సగం మూగబోయిన నోళ్లను మళ్లీ మూసినట్టు. డయాలిసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ దానికి తోడు. అందుకే ఉద్దానంలో ఆస్పిరిన్ రాసే ముందు క్రియాటినిన్ చూడాలి, నొప్పి మాత్రల సంగతి అడగాలి. అడగకపోతే రోగి చెప్పడు. మా మావయ్య చెప్పలేదు. ఆయన దృష్టిలో అది మందు కాదు, అలసట తీరడానికి వేసుకునేది.

పార్వతీపురం మన్యంలోనూ, మైదానంలోనూ వానాకాలపు జ్వరాల్లో ఆస్పిరిన్ గానీ, ఈ నొప్పి మాత్రలు గానీ వద్దని డాక్టర్లు పదేపదే చెప్పేది ఇందుకే. డెంగీ ప్లేట్‌లెట్ల సంఖ్యను తగ్గిస్తుంది, ఆస్పిరిన్ మిగిలినవాటి పనిని తీసేస్తుంది. జ్వరానికి పారాసిటమాల్ చాలు. గుండెకు ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లకు డెంగీ వస్తే మాత్రం ఆపాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి.

గుండెజబ్బు లేకుండానే "ముందుజాగ్రత్త"గా వేసుకుంటున్నవాళ్లు మన ఊళ్లలో ఎందరో. షుగరు ఉంది, యాభై దాటింది, పక్కింటాయన వేసుకుంటున్నాడు, అంతే. 2018లో బ్రిటన్‌లో 15,480 మంది షుగరు రోగులపై ఏడేళ్లకు పైగా నడిచిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. రోజుకు 100 మిల్లీగ్రాములు వేసుకుంటే వెయ్యి మందిలో 11 మందికి గుండెపోటు, పక్షవాతం లాంటివి తప్పాయి, 9 మందికి అదనంగా తీవ్ర రక్తస్రావమైంది. అదే ఏడాది ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది వృద్ధులపై చూస్తే గుండెకు చెప్పుకోదగ్గ మేలు కనపడలేదు, తీవ్ర రక్తస్రావం 38 శాతం పెరిగింది. 60 దాటినవాళ్లు గుండెజబ్బు లేకుండా కొత్తగా ఆస్పిరిన్ మొదలుపెట్టవద్దని అమెరికా నిపుణుల సంఘం 2022లో చెప్పింది.

ఇంతా చదివి, స్టెంట్ ఉన్నవాళ్లూ, ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లూ మాత్ర మానేస్తారేమోనని నాకు భయం. వాళ్ల లెక్క పూర్తిగా వేరు. 1988లో 17,187 మంది గుండెపోటు రోగులపై జరిగిన ఐసిస్-2 పరిశోధనలో నెల రోజుల ఆస్పిరిన్ వల్ల వెయ్యికి 24 ప్రాణాలు నిలిచాయి. గుండెపోటు సమయంలో 300 మిల్లీగ్రాముల దాకా ఒకేసారి నమలమనడం కూడా తప్పు కాదు: అప్పుడు అన్ని నోళ్లూ నిమిషాల్లో మూతపడాలి. మర్నాటి నుంచి చిన్న మాత్ర చాలు. ఇక హాంకాంగ్‌లో చేసిన ఒక పరిశోధన గురించి చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. కడుపు పుండు నుంచి రక్తం పోయి, ఎండోస్కోపీతో ఆపిన 156 మంది వాళ్లు. గుండె కోసమో, మెదడు కోసమో ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు. కొందరికి మాత్ర కొనసాగించి, కొందరికి ఉత్తి మాత్ర ఇచ్చారు. కొనసాగించినవాళ్లలో మళ్లీ రక్తం పోవడం ఎక్కువే, 10.3 శాతం, రెండో జట్టులో 5.4. కానీ ఎనిమిది వారాల్లో చనిపోయినవాళ్లు కొనసాగించిన జట్టులో 1.3 శాతం, ఆపిన జట్టులో 12.9.

మావయ్యకు కూడా అదే దారి పట్టారు. ఎండోస్కోపీలో పుండు కనపడింది, రక్తం కారుతున్న చోట క్లిప్ వేశారు, రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. నాలుగో రోజున మళ్లీ అదే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ చేతిలో పెడితే అత్తయ్య ఒప్పుకోలేదు, "దీనివల్లే కదా బాబూ ఇంత జరిగింది" అని డాక్టరుతో వాదించింది. ఆయన ఓపికగా కూర్చుని చెప్పారు. ఆస్పిరిన్ ఉంటుంది, దానితో పాటు రోజూ పరగడుపున ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ ఉంటుంది, నొప్పి మాత్రలూ సూదులూ ఇక ఉండవు. ఆస్పిరిన్ బదులు క్లోపిడోగ్రెల్ ఇవ్వవచ్చు కదా అని నేను అడిగాను. అదీ హాంకాంగ్‌లోనే తేలిన సంగతి: ఒకసారి పుండు నుంచి రక్తం పోయినవాళ్లలో ఏడాదిలోగా మళ్లీ పోవడం క్లోపిడోగ్రెల్‌తో 8.6 శాతం, ఆస్పిరిన్‌కు ఆమ్లం తగ్గించే మందు జోడిస్తే 0.7 శాతం. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవికీ పరీక్ష చేశారు, ఉందని తేలింది, రెండు వారాల మందులతో పోయింది. మన దేశంలో చాలామంది కడుపుల్లో ఉండే సూక్ష్మజీవి ఇది. ఆస్పిరిన్ వాడేవాళ్లలో దాన్ని తొలగిస్తే మొదటి రెండున్నరేళ్లలో పుండు రక్తస్రావాలు మూడింట రెండు వంతులు తగ్గాయని 2022లో బ్రిటన్ పరిశోధన చూపింది.

చోడి వల్ల వచ్చే రంగుకీ, రక్తం వల్ల వచ్చే రంగుకీ తేడా ఆ వార్డులో నర్సమ్మ అత్తయ్యకు చెప్పింది. చోడి తిన్నా, ఐరన్ మాత్ర వేసుకున్నా రంగు మారుతుంది గానీ మామూలుగానే ఉంటుంది. కడుపులో కారిన రక్తం పేగుల్లో అరిగి బయటికి వస్తే రోడ్డు మీద వేసే తారులా నిగనిగలాడుతుంది, జిగటగా ఉంటుంది, నీళ్లు పోస్తే ఒక పట్టాన వదలదు, వాసన ఓర్వలేం. దానికి తోడు లేస్తే కళ్లు తిరగడం, గుండె దడ, కాఫీ పొడి లాంటి వాంతి, ఇందులో ఏది కనపడినా ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి. 108కి ఫోన్ చేసినప్పుడు ఆస్పిరిన్ వాడుతున్న సంగతి మొదటి మాటగా చెప్పాలి.

ఇప్పుడు మావయ్య చొక్కా జేబులో ఒక అట్టముక్క ఉంటుంది, మాత్రల డబ్బా నుంచి చింపింది. మీద అత్తయ్య చేతిరాత: ఆస్పిరిన్ 75, గుండెకి, మానకూడదు. కింద గీత గీసి: నొప్పుల బిళ్లలు వద్దు, సూది వద్దు. మొన్న సంక్రాంతికి పన్ను సలిపి బజారులో మందుల షాపుకు వెళ్లాడు, నేనూ పక్కనే ఉన్నాను. కుర్రాడు వెంటనే ఒక పట్టీ తీసి కత్తెర అందుకున్నాడు. మావయ్య మాట్లాడకుండా ఆ అట్టముక్క గాజుబల్ల మీద పెట్టి అతని వైపు తిప్పాడు. కుర్రాడు చదివాడు. కత్తెర పక్కన పెట్టి, పట్టీని అరలో పెట్టేసి, పారాసిటమాల్ తీశాడు. "ఇది నొప్పికి కొంచెం లేటుగా పని సేస్తాది తాతా" అన్నాడు. "పర్లేదు బావూ," అన్నాడు మావయ్య, అట్టముక్క మళ్లీ జేబులో పెట్టుకుంటూ.